బ్యాటు ఎవరిదైతే వాళ్ళే కెప్టెనా?

మా అరసవల్లి వీధుల్లో క్రికెట్టుకి ఒకటే రాజ్యాంగం ఉండేది. బ్యాటు ఎవడిదో వాడే కెప్టెన్. వాడే ముందు బ్యాటింగు చేస్తాడు, వాడు అవుటైతే అది ట్రయల్ బాల్. గట్టిగా అడిగితే "అయితే నా బ్యాటు నాకిచ్చీండి, నాను పోతాను" అంటాడు. బ్యాటు పోతే ఆటే పోతుంది కాబట్టి అందరం నోరు మూసుకుని ఫీల్డింగు చేసేవాళ్ళం. మీ ఊళ్ళో కూడా ఇంతే అయ్యుంటుంది లెండి, ఇందులో మావాళ్ళు కనిపెట్టిందేమీ లేదు.

విశేషం ఏంటంటే, సరిగ్గా ఇదే రూలు మీద ఒకసారి మొత్తం భారత క్రికెట్ జట్టు ఇంగ్లాండు వెళ్ళింది. 1936లో. ఆ బ్యాటు ఓనరు మావైపు మనిషే. మా ఊరి నుంచి బస్సెక్కితే రెండు గంటల్లోపు వచ్చే విజయనగరం రాజకుటుంబంలో రెండో అబ్బాయి, పూసపాటి విజయానంద గజపతి రాజు. ప్రపంచానికి 'విజ్జీ'.

ఈ జట్టు మీద నాకు చిన్న పిచ్చి ఉంది. 1983 టీము గురించి, 2011 టీము గురించి మాట్లాడేవాళ్ళు ఆఫీసులో వీధికొకరు దొరుకుతారు. 1936 జట్టు గురించి మాట్లాడదామంటే మాత్రం ఎవరూ దొరకరు, అందుకే మీమీద పడ్డాను :). నా వాదన ఒక్క ముక్కలో ఇదీ: స్వాతంత్ర్యానికి ముందు మనం ఇంగ్లాండు పంపిన జట్లలో బ్యాటింగు, బౌలింగు రెండూ కలిపి చూస్తే ఇదే గొప్ప జట్టు. దాన్ని ఓడించింది ఇంగ్లాండు ఒక్కటే కాదు.

ముందు ఈ విజ్జీ ఎవరో కొంచెం చూద్దాం. చాలామంది 'విజయనగరం మహారాజా' అని రాసేస్తుంటారు, అది తప్పు. ఆయన ఎప్పుడూ మహారాజు కాలేదు. తండ్రి విజయరామ గజపతి రాజు తర్వాత గద్దె అన్నగారు అలక్ నారాయణ గజపతికి వెళ్ళింది. ఈయన మహారాజ్‌కుమార్ మాత్రమే. 1905లో పుట్టాడు, అజ్మీరులో మేయో కాలేజీలోనూ ఇంగ్లాండులో హెయిలీబరీలోనూ చదివాడు, కాశీలో కుటుంబానికి ఉన్న ఎస్టేటుకి మకాం మార్చాడు. అక్కడే సొంతంగా క్రికెట్టు మైదానం, సొంత జట్టు. రాజ్యం లేని రాజకుమారుడికి పేరు రావాలంటే ఆరోజుల్లో ఉన్న దగ్గరి దారుల్లో క్రికెట్టు ఒకటి.

1930-31 శీతాకాలంలో ఎం.సి.సి. జట్టు మన దేశానికి రావాల్సింది. దేశమంతా శాసనోల్లంఘన ఉద్యమం నడుస్తోంది, వాళ్ళు రామన్నారు. విజ్జీ ఏం చేశాడో తెలుసా? వాళ్ళు రాకపోతే నేనే తెప్పిస్తానని జాక్ హాబ్స్‌నీ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ పిలిపించి, తన పేరు మీదే జట్టు కట్టి, ఇండియా, సిలోను అంతా తిప్పాడు. ఇది ఎంత పెద్ద విషయమో ఊహించుకోవాలంటే... ఆ కాలంలో టెస్టు క్రికెట్లో ఇంతకు మించిన ఓపెనింగ్ జోడీ లేదు. అప్పటికే హాబ్స్ చాలాసార్లు ఇండియా రానని చెప్పాడు. ఈ పర్యటన మధ్యలోనే ఆయనకి 48 ఏళ్ళు నిండాయి.

క్విజ్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇక్కడో ముక్క. హాబ్స్ ఫస్ట్ క్లాస్ సెంచరీలు 197 అని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది, 199 అని కొన్నింట్లో ఉంటుంది. ఆ తేడా వచ్చిన రెండు సెంచరీలూ విజయనగరం జట్టు తరఫున కొట్టినవే. ఆ మ్యాచ్‌లని ఫస్ట్ క్లాస్ కింద లెక్కెయ్యాలా వద్దా అని గణాంకాలవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. మావైపు ఊరి పేరు ప్రపంచ క్రికెట్ లెక్కల్లో ఒక పరిష్కారం కాని బగ్గులా అలా ఉండిపోయింది.

అదే సీజనులో సికింద్రాబాదులో మొయినుద్దౌలా గోల్డ్ కప్పు మొదలైంది. విజ్జీ 'ఫ్రీలూటర్స్' అనే జట్టుని అందులో దించేవాడు. 1934-35లో ఆ జట్టుకి ఆడడానికి వెస్టిండీస్ నుంచి లియరీ కాన్‌స్టంటైన్‌ని రప్పించాడు. ఐ.పి.ఎల్. 2008లో పుట్టిందనుకుంటాం గానీ, దేశదేశాల స్టార్లని డబ్బిచ్చి తెచ్చి మన గ్రౌండులో ఆడించే పని అంతకు 70 ఏళ్ళ కిందటే మన తెలుగు ఓనరు ఒకాయన చేసేశాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇండోరులో హైస్కూలు చదువుతున్న ముస్తాక్ అలీ అనే కుర్రాడిని కాశీకి తీసుకొచ్చి, సౌకర్యాలిచ్చి, ఆటలో తర్ఫీదు ఇప్పించినవాడూ విజ్జీనే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

అంటే మనిషికి కన్నుంది. ఎవడు ఆడగలడో తెలుసు. డబ్బుంది, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుసు. అయితే ఆ డబ్బు ఎక్కడిదీ అని అడిగితే మాత్రం మనం కాసేపు ఆగాలి. జమీందారీ డబ్బంటే చివరికి రైతు కట్టిన శిస్తే. లండనులో టిక్కెట్టు కొనుక్కున్న హాబ్స్ అభిమానికి తెలియకపోవచ్చు, మనకి తెలుసు. మావైపు పెద్దవాళ్ళ నోట్లో ఇప్పటికీ 'బుగత' అనే మాట ఉంది. భూమి ఉన్న ఆసామి అని అర్థం. బుగత ముందు కూర్చోవాలంటే బుగత కూర్చోమనాలి. విజ్జీ జట్టు నడిపిన పద్ధతి అర్థం కావాలంటే ఇంగ్లీషు పుస్తకాలన్నిటికంటే ఈ ఒక్క మాట ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు 1932కి వద్దాం. ఎందుకంటే అది చూడకపోతే 1936 సరిగ్గా అర్థం కాదు.

మన మొదటి టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. ఆ పర్యటనకి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా. హిందువులు, ముస్లింలు, పార్సీలు, సిక్కులు, ఇన్ని సంస్థానాల వాళ్ళు ఉన్న జట్టుకి మామూలు మనిషి కెప్టెన్ అయితే ఎవరూ మాట వినరని, రాజుగారే ఉండాలని అప్పటి ఆలోచన. విజ్జీకి కూడా 'డిప్యూటీ వైస్ కెప్టెన్' అని ఒక పదవి ఇచ్చారు (మన కంపెనీల్లో డెసిగ్నేషన్లు గుర్తొస్తే నా తప్పు కాదు). ఆయన ఆరోగ్యం బాలేదని వెళ్ళలేదు. పోర్‌బందర్ మహారాజా వెళ్ళాడు. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు అన్నీ కలిపి ఆయన చేసిన పరుగులు 2. అక్షరాలా రెండు.

కానీ ఆ మహారాజా ఒక మంచి పని చేశాడు. తన ఆట సంగతి తనకి తెలుసు. టెస్టు మ్యాచ్ వచ్చేసరికి తను పక్కకి తప్పుకుని సి.కె.నాయుడిని కెప్టెనుగా దించాడు. బందరు వైపు నుంచి నాగపూరు ప్రాంతానికి వలసపోయిన తెలుగు కుటుంబంలో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు అలా భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యాడు. ఆ పొద్దున్న మహమ్మద్ నిస్సార్ రెండు వికెట్లు పడగొట్టాడు, ఒక రనౌటుతో కలిపి ఇంగ్లాండు 19 పరుగులకి 3 వికెట్లు పోగొట్టుకుంది. మ్యాచ్ ఓడిపోయాం, కానీ వీళ్ళు ఆడగలరు అని ప్రపంచానికి తెలిసింది. ఆ రోజు రాజుగారు చేసిన గొప్ప పని ఆడకపోవడం.

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే పరిస్థితి. 1936కి ముందు పటౌడీ నవాబుని కెప్టెన్ అన్నారు, ఆయన ఆరోగ్య కారణాలతో తప్పుకున్నాడు. మిగిలింది ఇద్దరు. ఒకరు సి.కె., ఇంకొకరు విజ్జీ. ఓట్లు పెడితే విజ్జీ గెలిచాడు. ఎలా గెలిచాడో పెద్ద మిస్టరీ ఏం కాదు. అంతకుముందు కొన్నేళ్ళుగా బోర్డుకి విరాళాలు ఇచ్చింది ఆయన, వైస్రాయి విల్లింగ్డన్ పేరు మీద ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లాలో పెవిలియన్ కట్టించింది ఆయన. బ్యాటు ఆయనది.

సరే, ఇక నాకు ఇష్టమైన భాగం. ఆ జట్టు ఎలాంటిదో చూడండి.

ఓపెనర్లు విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ. ఇంతకంటే ఒకరికొకరు పొంతన లేని జోడీ దొరకదు, అందుకే అంత బాగా కుదిరింది. మర్చంట్‌కి 24 ఏళ్ళు. బంతి కిందకి వచ్చి, ఆలస్యంగా, కొలిచినట్టు ఆడేవాడు. ఆ వేసవిలో ఇంగ్లాండులో 1745 పరుగులు చేశాడు, సగటు 51 పైన. ముస్తాక్‌కి 21. ఫాస్ట్ బౌలరు పరిగెత్తుకొస్తుంటే తను కూడా క్రీజు వదిలి ఎదురెళ్ళేవాడు. మొదట్లో ఎడంచేతి స్పిన్నరుగా టెస్టు జట్టులోకి వచ్చి ఓపెనరుగా మారినవాడు. మర్చంట్ ఒక యూనిట్ టెస్టు కూడా వదలకుండా రాసే డెవలపర్ అనుకుంటే, ముస్తాక్ నేరుగా ప్రొడక్షన్‌లో కోడు మార్చేసే రకం. అయినా నడిచేది!

మధ్యలో సి.కె.నాయుడు. 40 ఏళ్ళు. 1926లో బొంబాయి జింఖానాలో ఎం.సి.సి. మీద 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. పొడుగ్గా, నిటారుగా నిలబడి బంతిని గాల్లోకి లేపేవాడు. ఆయనకి తోడు లాలా అమర్‌నాథ్, 24 ఏళ్ళు, 1933లో టెస్టుల్లో భారతదేశపు మొదటి సెంచరీ కొట్టినవాడు. బ్యాటింగుతో పాటు మీడియం పేస్ కూడా. తర్వాత వజీర్ అలీ. ఎడంచేతి వాటం కోట రామస్వామి, ఈయనకీ 40 ఏళ్ళే. మద్రాసు క్రికెట్టుకి పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి కొడుకు, తెలుగువాడు, 1922లో డేవిస్ కప్పులో టెన్నిస్ కూడా ఆడాడు. రెండు ఆటల్లో దేశానికి ఆడిన మనిషి!

బౌలింగులో నిస్సార్, అమర్ సింగ్. నిస్సార్ వేగం, అమర్ సింగ్ పిచ్ తగిలాక బంతి లేచే తీరు. దేశంలో మళ్ళీ అలాంటి పేస్ జోడీని చూడడానికి చాలా దశాబ్దాలు పట్టింది. వాళ్ళకి తోడు కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న జహంగీర్ ఖాన్. (1936 జూలైలో కేంబ్రిడ్జి యూనివర్సిటీ తరఫున లార్డ్స్‌లో బౌలింగు చేస్తుంటే ఈయన బంతి తగిలి ఒక పిచ్చుక చచ్చిపోయింది. ఆ పిచ్చుకని లార్డ్స్ మ్యూజియంలో దాచిపెట్టారు. జట్టులో అందరికంటే ఎక్కువ గౌరవం దక్కింది దానికేనేమో!) లెగ్ స్పిన్నుకి సి.కె. తమ్ముడు సి.ఎస్.నాయుడు, 22 ఏళ్ళ కుర్రాడు.

ఇప్పుడు ఒక్కసారి లెక్క పెట్టండి. 1936 జూలై 25న మాంచెస్టరులో రెండో టెస్టుకి దిగిన పదకొండు మందిలో విజ్జీ, సి.కె., సి.ఎస్., రామస్వామి. నలుగురు తెలుగువాళ్ళు! ఈమధ్య సిరాజ్, నితీశ్ కుమార్ రెడ్డి ఇద్దరూ ఒకే టెస్టులో ఆడితేనే మనం వాట్సాప్ స్టేటస్సులు పెట్టుకున్నాం. ఆ నలుగురి గురించి మాత్రం మనకి ఏ స్కూల్లోనూ ఎవరూ చెప్పలేదు.

మరి ఇంత జట్టుని పెట్టుకుని ఏం చేశారు?

మొదటిది, బ్యాటింగు ఆర్డరు. ఎవడు ఎప్పుడు వెళ్తాడో ఎవడికీ తెలీదు. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద మ్యాచ్. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఆపి వేరేవాళ్ళని పంపుతూ పోయారు. చివరికి ఆట ముగియబోతుంటే పంపారు. తిరిగొచ్చి డ్రెస్సింగ్ రూములో సామాను విసిరేసి, పంజాబీలో నాలుగు మాటలన్నాడు. అంతే. కెప్టెన్ విజ్జీ, మేనేజరు మేజర్ బ్రిటన్-జోన్స్ కలిసి క్రమశిక్షణ అని చెప్పి అమర్‌నాథ్‌ని ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. అప్పటికి ఆ పర్యటనలో ఆయన 613 పరుగులు చేశాడు, 32 వికెట్లు తీశాడు. ఎసెక్స్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు కొట్టాడు. మొదటి టెస్టు ఇంకా మొదలవ్వలేదు!

ఆ మొదటి టెస్టు చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. లార్డ్స్‌లో మనం 147కి అవుట్. అమర్ సింగ్ 35 పరుగులకి 6 వికెట్లు తీసి ఇంగ్లాండుని 134కి పడగొట్టాడు. మనకి 13 పరుగుల ఆధిక్యం. ఇంగ్లాండు గడ్డమీద, మనకున్న కొద్దిపాటి టెస్టు అనుభవంతో! రెండో ఇన్నింగ్స్‌లో 93కి కుప్పకూలి 9 వికెట్ల తేడాతో ఓడిపోయాం. సరిగ్గా అమర్‌నాథ్ లాంటి ఒక్క మనిషి కావాల్సిన చోట ఆయన ఓడలో ఉన్నాడు. అన్నట్టు ఆ మ్యాచ్‌లో ముస్తాక్ ఓపెనర్ కూడా కాదు, వికెట్ కీపర్ హిండ్లేకర్ ఓపెన్ చేశాడు.

రెండో టెస్టు మాంచెస్టర్. మొదటి ఇన్నింగ్స్‌లో మనం 203, ఇంగ్లాండు 8 వికెట్లకి 571. రెండో ఇన్నింగ్స్‌కి మర్చంట్, ముస్తాక్ దిగారు. ఆ రోజు సాయంత్రానికి వికెట్ పడకుండా 190. ఒక్క రోజులో రెండు జట్లూ కలిపి 588 పరుగులు. టెస్టు చరిత్రలో ఒక రోజు అత్యధిక పరుగుల రికార్డు ఇప్పటికీ అదే. బజ్‌బాల్ వచ్చి కూడా దాన్ని అందుకోలేకపోయింది. ఇద్దరూ కలిసి 203 పరుగుల భాగస్వామ్యం చేశారు. ముస్తాక్ 112, విదేశంలో భారతీయుడి మొదటి టెస్టు సెంచరీ. మర్చంట్ 114. రామస్వామి 40 ఏళ్ళ వయసులో మొదటి టెస్టు ఆడుతూ 40, 60 కొట్టాడు. మ్యాచ్ డ్రా చేశాం.

ఈ జోడీ గురించే ఒక కథ ఉంది. మర్చంట్‌ని రనౌట్ చేయించమని విజ్జీ ముస్తాక్‌కి చెప్పాడట. మర్చంట్ సి.కె. వర్గం అని ఆయనకి కోపం. ముస్తాక్ ఏం చేశాడు? ఆ మాట తీసుకెళ్ళి మర్చంట్‌కే చెప్పేశాడట. ఇద్దరూ నవ్వుకుని 203 కొట్టారు. స్కూలు పిల్లాడిగా ఉన్నప్పుడు తనని చేరదీసిన మనిషి మాట అది. కాదనడానికి ఆ 21 ఏళ్ళ కుర్రాడికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. ఉపకారం చేసినవాడు అడిగాడని ఆటకి ద్రోహం చెయ్యలేదు. ఈ మొత్తం కథలో నాకు హీరో ఎవరంటే ముస్తాక్ అలీ పేరే చెప్తాను.

మూడో టెస్టు ఓవల్‌లో. బాకా జిలానీ అనే ఆటగాడికి మొదటి టెస్టు, అదే ఆఖరిది కూడా. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర అందరి ముందూ సి.కె.ని అవమానించినందుకు దొరికిన బహుమతి అది అని చెప్పుకుంటారు. హామండ్ 217 కొట్టాడు, మ్యాచ్ చేజారింది. రెండో ఇన్నింగ్స్‌లో గబ్బీ అలెన్ బంతి పొట్టకి తగిలినా సి.కె. ఆట ఆపలేదు. 81 చేశాడు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆఖరి టెస్టు కూడా అదే.

మరి కెప్టెనుగారు? మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, 33 పరుగులు. ఆ పర్యటన మధ్యలోనే ఆయనకి 'సర్' బిరుదు వచ్చింది! ప్రత్యర్థి కౌంటీ కెప్టెన్‌కి బంగారు వాచీ బహుమతిగా ఇచ్చి తేలిక బంతులు వేయించుకున్నాడని కూడా ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, అలాంటి కథ పుట్టిందంటేనే మిగతావాళ్ళు ఆయన పరుగుల్ని ఎలా చూశారో తెలుస్తుంది.

తిరిగొచ్చాక గొడవ పెద్దదైంది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి 1937 జనవరిలో నివేదిక ఇచ్చింది. అమర్‌నాథ్ మీద పెట్టిన ఆరోపణలు నిలబడలేదు. కెప్టెన్‌కి ఫీల్డింగు పెట్టడం, బౌలర్లని మార్చడం తెలియలేదని, బ్యాటింగు ఆర్డరు ఎప్పుడూ ఒకలా ఉంచలేదని తేల్చింది. చరిత్రలో మొదటి ప్రాజెక్ట్ పోస్ట్‌మార్టెం రిపోర్టులలో ఒకటి అనుకోవచ్చు. మనకి మల్లే దాన్ని కూడా షేర్డ్ డ్రైవులో పడేసి ఎవరూ తెరిచి ఉండరని నా అనుమానం.

ఇక్కడ మీలో కొందరు అనొచ్చు. "బాబూ, కెప్టెన్ బాగా ఆడకపోతే ఏమైంది, బ్రేర్లీ ఆడాడా ఏంటి? మేనేజరుకి కోడింగు రావాలని రూలుందా?" అని. మంచి ప్రశ్నే. నా ఉద్దేశంలో కూడా రానక్కర్లేదు. నేను పనిచేసిన మంచి మేనేజర్లలో కొందరు నాలుగేళ్ళుగా ఒక్క లైను కోడు రాయనివాళ్ళే. వాళ్ళ గొప్పతనం ఏంటంటే క్లయింటుని చూసుకునేవారు, బడ్జెట్ తెచ్చేవారు, ఎవడికి ఏ పని ఇవ్వాలో చూసి ఇచ్చి అడ్డం తప్పుకునేవారు. 33 పరుగులు అసలు సమస్య కాదు. పోర్‌బందర్ మహారాజా ఆయనకంటే ఘోరం. సమస్య ఏంటంటే జట్టులో నాకంటే గొప్పవాడు ఉన్నాడన్న విషయం తట్టుకోలేకపోవడం. సి.కె. దగ్గరికి ఎవరెళ్ళారు, ఎవరు నవ్వారు, ఎవరు తన బల్ల దగ్గర కూర్చున్నారు... ఇవి చూసుకునే కెప్టెనుకి ఎదుటి జట్టు స్కోరు చూడ్డానికి టైమెక్కడిది?

అలాగని ఆయన్ని సినిమా విలన్‌ని చేసి నవ్వుకుని వదిలేయడం నాకిష్టం లేదు. ఇంగ్లీషులో విజ్జీ మీద రాసేవాళ్ళు ఎక్కువమంది చేసేది అదే. హాబ్స్‌ని తెచ్చింది, కాన్‌స్టంటైన్‌ని తెచ్చింది, ముస్తాక్‌ని పట్టుకున్నది ఈ మనిషే. 1947లో 'సర్' బిరుదు వదిలేశాడు. 1954 నుంచి కొన్నేళ్ళు బోర్డు అధ్యక్షుడు. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకి కెప్టెనుగా ఎవరిని తెచ్చాడో తెలుసా? 61 ఏళ్ళ సి.కె.నాయుడిని! ఇరవై ఏళ్ళ పగ తర్వాత. ఆ ఒక్క పని 1936లో చేసుంటే ఇంత రాసే పని నాకుండేది కాదు. తర్వాత విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు, రేడియోలో కామెంటరీ చెప్పాడు, 1965 డిసెంబరులో కాశీలోనే పోయాడు. యూనివర్సిటీ జట్ల మధ్య జోన్ల వారీగా జరిగే టోర్నమెంటుకి ఆయన పేరే, విజ్జీ ట్రోఫీ. ఇంజనీరింగు కాలేజీ నుంచి యూనివర్సిటీ టీముకి ఎదిగి, అక్కణ్ణుంచి జోన్ టీముకి వెళ్ళే కుర్రాడు ఆ కప్పు కోసమే ఆడతాడు. అందులో మాత్రం బ్యాటు ఎవరిదని ఎవరూ అడగరు.

అయితే క్షమించేసి ఊరుకుందామా అంటే, ఒక లెక్క అడ్డొస్తుంది. నన్ను ఈ జట్టు వదలకపోవడానికి అసలు కారణం అదే.

మనకి ఒక రిలీజు చెడిపోతే తర్వాతి రిలీజు ఉంటుంది. పాపం వాళ్ళకి లేకపోయింది. ఓవల్ టెస్టు 1936 ఆగస్టు 18న అయిపోయింది. యుద్ధం వచ్చింది. భారతదేశం తర్వాతి టెస్టు ఆడింది 1946 జూన్‌లో. పదేళ్ళు! అమర్ సింగ్ 1940లోనే, ముప్ఫై కూడా నిండకుండా న్యుమోనియాతో పోయాడు. నిస్సార్ మళ్ళీ టెస్టు ఆడలేదు. సి.కె. ఆడలేదు, రామస్వామి ఆడలేదు. 1934లో ఆగిన అమర్‌నాథ్ టెస్టు జీవితం 1946 దాకా కదల్లేదు. 24 ఏళ్ళకి ఓడెక్కించి పంపేసిన కుర్రాడు మళ్ళీ టెస్టు ఆడేసరికి 34. మర్చంట్, ముస్తాక్ వయసులో ఉన్నప్పటి పదేళ్ళు అలాగే పోయాయి.

యుద్ధాన్ని విజ్జీ తేలేదు, నిజమే. కానీ యుద్ధానికి ముందు ఆ జట్టుకి మిగిలిన టెస్టులు మూడే మూడు, ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఆ మూడింటిలో మొదటిదాంట్లో 13 పరుగుల ఆధిక్యంతో ఉన్న జట్టు నుంచి ఒక మంచి ఆటగాడిని ఒక్క సాయంత్రం కోపంతో తీసి పారేశారు. ఆ తరం వాళ్ళకి ఇంగ్లాండుని ఇంగ్లాండులో ఓడించే అవకాశం మళ్ళీ రాలేదు. మనం ఆ పని చెయ్యడానికి 1971 దాకా ఆగాల్సొచ్చింది. పరుగులు లెక్కేస్తే విజ్జీ 33 పరుగుల కెప్టెన్. నష్టం లెక్కేస్తే ముప్ఫై అయిదేళ్ళు.

మావైపు వాళ్ళకి పేర్లు పెట్టడం ఇష్టం. శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరుంది, ఒంటి బలంతో పేరు తెచ్చుకున్నవాడు కాబట్టి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరి ఉంది. వాళ్ళ పక్కన విజ్జీ పేరు పెట్టాలా అని ఎవరైనా నన్నడిగితే, తప్పకుండా పెట్టమంటాను. టోర్నమెంటుకి పెట్టండి, గ్యాలరీకి పెట్టండి, కుర్రాళ్ళకిచ్చే స్కాలర్‌షిప్పుకి పెట్టండి. మనిషిని వెతికి పట్టుకోవడంలో, ఆటకి డబ్బు తేవడంలో ఆయనంతటి వాడు మన వైపు మళ్ళీ పుట్టలేదు.

టాస్ వెయ్యడానికి మాత్రం సి.కె.నాయుడిని పంపండి.